టెక్ సందేహాలు: ముగ్గు గీతలు దాటుకున్న చోట మచ్చలెందుకు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. ఎస్‌వీజీ (గీతల్నీ ఆకారాల్నీ కోడ్‌గా రాసి, బ్రౌజర్‌తో గీయించే బొమ్మల ఫార్మాట్) బొమ్మల్ని కోడ్‌తో గీసేవాళ్లకు పారదర్శకత దగ్గర, మెల్లగా కరిగిపోయే అంచుల దగ్గర ఎదురయ్యే చిక్కులవి. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాను. ట్యాగుల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, కోడ్‌లో మాత్రం ఇంగ్లిష్ స్పెల్లింగే టైప్ చేయండి.

ప్రశ్న: మా అమ్మ వేసే మెలికల ముగ్గును పైథాన్ స్క్రిప్టుతో ఎస్‌వీజీగా గీస్తున్నాను. ఎర్రమట్టి రంగు నేల, దాని మీద తెల్ల గీతలు. పిండి పల్చగా పడినట్టు ఉండాలని స్ట్రోక్-ఒపాసిటీ (గీత ఎంత గట్టిగా కనబడాలో చెప్పే గుణం, 0 అంటే కనబడదు, 1 అంటే పూర్తిగా) 0.5 ఇచ్చాను. గీతలు దాటుకున్న ప్రతిచోటా తెల్లటి మచ్చ కనబడుతోంది. అన్నిటినీ ఒక జీ ట్యాగులో (ఆకారాల్ని గుంపుగా కట్టే ట్యాగు) పెట్టి దానికే స్ట్రోక్-ఒపాసిటీ ఇచ్చి చూశాను, అయినా పోలేదు.

జవాబు: మీ స్క్రిప్టు లూప్ తిరుగుతూ ఒక్కో మెలికనూ ఒక్కో పాత్‌గా (ఒక గీత దారిని చెప్పే ట్యాగు) రాస్తోంది, మచ్చలు అక్కడి నుంచే వస్తున్నాయి. మొదటి గీత నేలను సగం కప్పుతుంది, దాని మీదుగా వెళ్లే రెండో గీత మిగిలిన సగంలో మళ్లీ సగం కప్పుతుంది, అంటే ఆ చోట తెలుపు 75 శాతం, మూడు గీతలు కలిస్తే 87.5 శాతం. బ్రౌజర్ ఇందులో పొరపాటేమీ చేయడం లేదు. ఒకదాని మీద ఒకటి పరిచే ఈ లెక్కను 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ తమ పేపర్‌లో వివరంగా రాశారు, ఇవాళ్టి బ్రౌజర్లు కూడా దాన్నే పాటిస్తున్నాయి.

జీ ట్యాగు ఆలోచన సరైనదే, దానికి ఇచ్చిన గుణమే వేరేది. స్ట్రోక్-ఒపాసిటీ ఇంటిపేరు లాంటిది, జీకి ఇస్తే లోపలున్న ప్రతి గీతకూ విడివిడిగా సంక్రమిస్తుంది, కాబట్టి మీరు ఒక్కో గీతకు ఇచ్చినా జీకి ఇచ్చినా ఫలితం ఒక్కటే. ఉత్త ఒపాసిటీ అలా సంక్రమించదు. జీకి ఒపాసిటీ 0.5 ఇస్తే లోపలి గీతలన్నీ ముందు వేరే కాగితం మీద పూర్తి తెలుపులో గీసి, ఆ కాగితం మొత్తాన్నీ ఒకేసారి పల్చన చేసి నేల మీద పరిచినట్టు అవుతుంది. గీతలకున్న స్ట్రోక్-ఒపాసిటీ తీసేసి జీకి ఇది పెట్టండి, మచ్చలు పోతాయి.

ఇంకో దారి కూడా ఉంది. ముగ్గు మొత్తం చెయ్యి ఎత్తకుండా వేసే ఒకే మెలిక అయితే దాన్ని ఒకే పాత్‌గా రాయండి. ఒక పాత్ తనను తాను ఎన్నిసార్లు దాటుకున్నా దాని గీతను ఒకే ఆకారంగా నింపుతారు, కాబట్టి మచ్చ రాదు. మీ అమ్మగారు వేసే క్రమంలోనే పాత్ రాస్తే తర్వాత దాన్ని గీస్తున్నట్టు యానిమేట్ చేయడం కూడా తేలిక, అందుకని నాకు ఈ దారే ఎక్కువ నచ్చుతుంది.

ఇదే తికమక గడులు గీసేటప్పుడూ ఎదురవుతుంది. 8 పిక్సెళ్ల అంచు ఇస్తే అందులో 4 గడి బయటికి, 4 లోపలి రంగు మీదికి పడతాయి, అంచుకు విడిగా సగం పారదర్శకత ఇస్తే అది రెండు చారలుగా కనిపిస్తుంది. అక్కడా మందు ఇదే, గడి మొత్తానికి ఒపాసిటీ ఇవ్వండి. కాన్వాస్‌లో (బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌తో గీసే పలక) గీసేవాళ్లు మాత్రం అక్కడి పారదర్శకత గుణమైన గ్లోబల్ ఆల్ఫా ఒక్కో గీతకూ విడిగా పనిచేస్తుందని గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ముందు వేరే కాన్వాస్ మీద గీసుకుని, ఆ తర్వాత దాన్ని పల్చగా దించాలి.

ప్రశ్న: దీపం చుట్టూ వెలుగు కోసం రేడియల్ గ్రేడియంట్ (మధ్య నుంచి చుట్టూ మెల్లగా మారే రంగు) పెట్టాను. మధ్యలో పసుపు, చివరి స్టాప్‌కు (రంగు మారే మజిలీ) స్టాప్-ఒపాసిటీ 0. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద వెలుగు బదులు పొగలా కనబడుతోంది.

జవాబు: చివరి స్టాప్‌కు రంగు ఇచ్చారా? ఇవ్వకపోతే స్టాప్-కలర్ డిఫాల్ట్‌గా నలుపు. పూర్తిగా కనిపించని చోట ఏ రంగుంటే ఏంటి అని మనకు అనిపిస్తుంది గానీ, ఎస్‌వీజీ గ్రేడియంట్ రంగునూ పారదర్శకతనూ వేర్వేరుగా మారుస్తూ పోతుంది, దాంతో సగం దూరం వచ్చేసరికి రంగు సగం నల్లబడిపోతుంది. మీ పసుపు 255, 204, 51 అనుకుని లెక్క వేసి చూశాను. తెల్లటి నేల మీద సగం దూరంలో రావాల్సింది దాదాపు 255, 230, 153, అంటే లేత పసుపు. మీ కోడ్‌తో వచ్చేది 191, 178, 140, అది మట్టిరంగు. మీకు పొగలా కనబడుతున్నది ఇదే.

చివరి స్టాప్‌కు కూడా అదే పసుపు ఇచ్చి ఒపాసిటీ మాత్రం 0 చేయండి. సీఎస్‌ఎస్ (వెబ్ పేజీల రూపాన్ని చెప్పే భాష) గ్రేడియంట్లలో ట్రాన్స్‌పరెంట్ అని రాస్తే ఈ ఇబ్బంది రాదు, ఎందుకంటే అక్కడ రంగును ముందే పారదర్శకతతో గుణించి లెక్క వేస్తారు. అక్కడ అలవాటైన చేత్తో ఎస్‌వీజీ రాసేటప్పుడే చాలామంది ఇక్కడ పడతారు.

ఇది సరిచేశాక కూడా వెలుగు చివర గుండ్రటి గీత గీసినట్టు అనిపిస్తే రెండు స్టాప్‌లతో ఆగకండి. 40 శాతం దగ్గర ఒపాసిటీ 0.45, 70 శాతం దగ్గర 0.12, చివర 0 పెట్టి చూడండి. వెలుగు మొదట్లో త్వరగా తగ్గి చివర నెమ్మదిగా కరిగితేనే మన కంటికి దీపంలా అనిపిస్తుంది.

ప్రశ్న: శీర్షిక కింద రెండు కొసలూ కరిగిపోయే అడ్డగీత కావాలి. లైన్ ట్యాగుకు గ్రేడియంట్ ఇవ్వగానే గీతే మాయమైపోయింది. కొంచెం వాలుగా గీస్తే మళ్లీ కనబడుతోంది!

జవాబు: గ్రేడియంట్ మామూలుగా ఆకారాన్ని చుట్టి ఉండే పెట్టెను బట్టి కొలతలు తీసుకుంటుంది. ఆ పెట్టె లెక్కలోకి గీత మందం రాదు. తిన్నటి అడ్డగీతకు పెట్టె ఎత్తు సున్నా, కాబట్టి కొలత తీయడమే కుదరక రంగు పడదు. గ్రేడియంట్‌యూనిట్స్‌ను (కొలతలు దేన్నిబట్టి తీయాలో చెప్పే గుణం) యూజర్‌స్పేస్‌ఆన్‌యూజ్‌గా మార్చి గీత మొదలు, చివర అసలు కొలతలు ఇవ్వండి. లేదా లైన్ వదిలేసి 2 పిక్సెళ్ల ఎత్తున్న రెక్ట్ (గడి గీసే ట్యాగు) గీయండి, నేనైతే అదే చేస్తాను. కొంచెం వాల్చే చిట్కా పనిచేస్తుంది నిజమే, కానీ ఆరు నెలల తర్వాత ఆ కోడ్ చూసే మనిషికి గీత ఎందుకు వాలుగా ఉందో అర్థం కాదు.

ప్రశ్న: ఫొటో కింది భాగం కరిగిపోవాలని మాస్క్ (ఏ భాగం ఎంత కనబడాలో చెప్పే తెర) పెట్టాను. మాస్క్‌లో ఎర్ర గడి గీశాను, ఫొటో మొత్తం వెలిసిపోయింది.

జవాబు: మాస్క్ చూసేది రంగును కాదు, ఆ రంగు ఎంత కాంతివంతంగా ఉందన్నదాన్ని. తెలుపు పూర్తిగా చూపిస్తుంది, నలుపు పూర్తిగా దాస్తుంది. స్వచ్ఛమైన ఎరుపు వాటా దాదాపు 21 శాతం, ఆకుపచ్చ 72, నీలం 7 మాత్రమే. నీలం వాడి ఉంటే ఫొటో దాదాపు కనబడేదే కాదు. మాస్క్‌లో ఒక గడి పెట్టి, దానికి పైనుంచి కిందికి తెలుపు నుంచి నలుపుకు వెళ్లే లీనియర్ గ్రేడియంట్ ఇవ్వండి. రంగుతో పని లేకుండా పారదర్శకతనే చూడమని చెప్పాలంటే మాస్క్-టైప్‌ను ఆల్ఫా అని పెట్టే వీలుంది.

ప్రశ్న: ఎంటెక్ ప్రాజెక్టు రిపోర్టును లాటెక్‌లో (కోడ్‌తో పత్రాలు తయారుచేసే వ్యవస్థ) రాస్తున్నాను, బొమ్మలు అందులోనే బొమ్మలు గీసే టిక్‌జెడ్ ప్యాకేజీతో. ఇందులో ఇవన్నీ సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. స్కోప్‌కు (టిక్‌జెడ్‌లో గుంపు కట్టే పద్ధతి) ట్రాన్స్‌పరెన్సీ గ్రూప్ అని చేర్చి ఒపాసిటీ ఇస్తే పైన ముగ్గుకు చెప్పిందే జరుగుతుంది. కరిగే అంచుల కోసం ఫేడింగ్స్ లైబ్రరీ పెట్టుకుని పాత్ ఫేడింగ్ వాడండి. కాకపోతే ఫైలును నేరుగా పీడీఎఫ్‌గానే తీయండి. పీడీఎఫ్‌లో 1.4 వెర్షన్ నుంచి, అంటే 2001 నుంచి పారదర్శకత ఉంది, ప్రింటింగ్ కోసం దానికంటే ముందొచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్‌లో లేదు. ఎవరైనా ఈపీఎస్ (పోస్ట్‌స్క్రిప్ట్ బొమ్మ) ఫైలే కావాలని అడిగితే పల్చటి రంగును లెక్కగట్టి, దానికి సరిపోయే గట్టి రంగునే నేరుగా వాడండి. తెల్ల కాగితం మీద సగం పారదర్శకమైన ఎరుపుకు 255, 128, 128 సరిపోతుంది.