మధ్యాహ్నం శివాజీ పార్కు గేటు మూసి ఉంటే

అమ్మగారితో విశాఖపట్నం శివాజీ పార్కుకు ఒంటిగంటకు వెళ్తే గేటు మూసి ఉందని, రాత్రి రైలు దాకా ఏం చేయాలని అడిగారు కదా. మీరు వెళ్లిన ఆ టైమే కారణం అయ్యుంటుంది. కాలనీ పార్కులు చాలావరకు వాకింగ్ చేసేవాళ్ల కోసం పొద్దున, సాయంత్రం తెరిచి, మధ్యాహ్నం మూసేస్తారు. రైలు రాత్రికే అన్నారు కాబట్టి టెన్షన్ వద్దు.

1. ముందు బ్యాగులు రైల్వే స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టండి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు: తాళం లేని బ్యాగు తీసుకోరు. మీ బ్యాగులకు తాళం లేకపోతే బయట చిన్నది కొనుక్కోండి. టికెట్టు, ఆధార్ చేతిలో ఉంచుకోండి.

2. ఎండ తగ్గాక, నాలుగున్నర దాటాక బయల్దేరండి. విశాఖ ఉక్కపోత అమ్మగారికి అస్సలు మంచిది కాదు, నీళ్ల సీసా తప్పనిసరి.

3. ఆటో అతనికి ‘శివాజీపాలెం, శివాజీ పార్కు’ అని చెప్పండి.

సముద్రం కూడా చూడాలంటే కైలాసగిరి దారిలోని తెన్నేటి పార్కుకు వెళ్లండి. నాకైతే అదే ఇష్టం.