ఎడమ చెయ్యి జాగ్రత్త

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవెనలు.

డయాలసిస్ సూదుల కోసం చేతికి ఫిస్టులా వేయించుకోమని డాక్టరు చెప్పారట, మీ అమ్మ ఫోనులో ఏడ్చింది. వాయిదా వేయకు. మన ఉద్దానంలో చాలామంది చేసే పొరపాటు అదే, నేనూ చేశాను. ఊపిరాడక ఆసుపత్రిలో పడ్డాక మెడలో పైపు వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. అది తడవకూడదని 4 నెలలు తలస్నానం లేదు. చలిజ్వరం వచ్చిన ప్రతిసారీ పైపు వెంట క్రిములు రక్తంలోకి చేరాయేమోనని భయం. ఫిస్టులా అంటే ధమనిని పక్కనున్న సిరకు కలిపి కుట్టడం. సిర లావెక్కి సూదులకు తట్టుకోవడానికి 6 వారాలైనా పడుతుంది, ఒక్కోసారి 3 నెలలు.

నీది కుడిచేతి వాటం కనుక మామూలుగా ఎడమ చేతికే వేస్తారు. ఇవాళ్టి నుంచే ఆ చేతికి రక్తం తీయనివ్వకు, సెలైన్ పెట్టనివ్వకు. నాకు జ్వరమొస్తే ఒక ఆసుపత్రిలో 3 రోజులు ఆ ముంజేతికే సెలైన్ ఎక్కించారు. సిర గట్టిపడింది. మణికట్టు దగ్గర వేసిన ఫిస్టులా పనిచేయక మోచేతి దగ్గర మళ్లీ కోయించుకున్నాను. ఎవరు సూదితో వచ్చినా కుడిచేయి చాపు. మొహమాటం వద్దు.

ఆపరేషన్ అయ్యాక రోజూ నిద్ర లేవగానే మచ్చ మీద వేళ్లు పెట్టి చూడు. పిల్లి గురగురలాడినట్టు ఉంటుంది. అది ఆగితే తరువాతి డయాలసిస్ దాకా కూర్చోకు, ఆ గంటే బయలుదేరు. లోపల గడ్డకట్టిన రక్తాన్ని త్వరగా తీస్తేనే ఫిస్టులా దక్కుతుంది. ఎర్రబడినా, చీము పట్టినా, వేళ్లు చల్లబడి నొప్పిపుట్టినా అంతే.

ఇక గాజులు. ఆ చేతికి బిగుతైనవేవీ వద్దు, జాకెట్టు చెయ్యి కూడా. మొగుడుండగా బోసిచెయ్యేమిటని ఊళ్లో సణిగారు. కుడిచేతికి రెండింతలు వేసుకున్నాను, నోళ్లు మూతపడ్డాయి. బీపీ పట్టీ, బిందె మోయడం, ఆ చేతిమీద తల పెట్టి పడుకోవడం కూడా మానాలి.

నొప్పి తక్కువని సూది ఒకేచోట గుచ్చమనకు. అక్కడ బుడగలా ఉబ్బి చర్మం పలచబడుతుంది. సూది తీశాక 10, 15 నిమిషాలు నొక్కి పట్టుకో, ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడకు. 20 నిమిషాలైనా రక్తం ఆగకపోతే చెప్పు, సిర ఇరుకైందేమో చూస్తారు.

తేదీ తెలియజెయ్యి, ముందురోజే వస్తాను. గాజులు నేనే తీస్తాను.

మీ పెద్దమ్మ