డ్వార్ఫ్ సిక్లిడ్‌లకు తోడు చేపలు కావాలి, కానీ అడుగున కాదు

మీ ట్యాంకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు అన్నారు. మొక్కలు బాగా పట్టాయి, 15 నియాన్ టెట్రాలు, 6 కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు), కొన్ని చెర్రీ రొయ్యలు ఉన్నాయి. అందులో రెండు జతల డ్వార్ఫ్ సిక్లిడ్‌లు (అడుగున ఉండి, గుడ్లను కాపలా కాసే చిన్న చేపలు) వేస్తే మిగతావాటిని బతకనిస్తాయా అని అడిగారు. రెండు జతలు కాకుండా ఒక్క మగదాన్నే దాని ఆడవాటితో వేసి, కోరీల సంగతి ముందే తేల్చుకుంటే బతకనిస్తాయి. అయితే మీ ప్రశ్నకు రెండో వైపు కూడా ఉంది. పక్కన వేరే చేపలు లేకపోతే ఈ సిక్లిడ్‌లు తమలో తామే కొట్టుకుంటాయి. నేనది కళ్లారా చూశాను.

నా మొదటి జత అపిస్టోగ్రామా కాకటూయిడీస్ అనే డ్వార్ఫ్ సిక్లిడ్‌లు, పొట్టిగా అపిస్టోలు. ఓ సాయంత్రం చూస్తే ఆడది పసుపు కొమ్ములా పచ్చగా మారిపోయి, పక్కల మీద నల్లటి మచ్చలు తేలి, గుహగా పెట్టిన కొబ్బరి చిప్ప గుమ్మంలో నిలబడి ఉంది. లోపల కప్పుకి ఎర్రటి గుడ్లు అతుక్కుని ఉన్నాయి. గుడ్లు దక్కాలని ఆ రాత్రే 12 టెట్రాలనూ వేరే ట్యాంకులోకి మార్చేశాను. మూడో రోజుకల్లా మగది హీటర్ వెనక నీటి పైమట్టంలో ముడుచుకుని కనిపించింది. తోక అంచు చిరిగిపోయింది, రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి. సైజులో దానిలో సగం కూడా లేని ఆడది, మగది కిందికి దిగితే చాలు మీద పడుతోంది. గుడ్లు కాపలా కాసే ఆడదానికి ఎవరో ఒక శత్రువు ఉండాలి. నేను టెట్రాలను తీసేసరికి మిగిలింది మొగుడొక్కడే.

టెట్రాలను తిరిగి వేశాను. ఆడది ఒక్కొక్కదాని మీదికి జానెడు దూరం దూసుకెళ్లి మళ్లీ గుమ్మంలోకి వచ్చేది. వాటికి దెబ్బ తగిలేది కాదు, పైకి తప్పుకునేవి. సాయంత్రానికి మగది కిందికి దిగి తిండి తిన్నది. అప్పటి నుంచి పై మట్టంలో గుంపు చేప లేకుండా ఏ అపిస్టోనూ ఉంచలేదు. ఇంకో లాభం కూడా ఉంది. సిక్లిడ్‌లు బెరుకు చేపలు. పైన చిన్న చేపలు నింపాదిగా తిరుగుతుంటే, ప్రమాదం లేదని వాటికి తెలుస్తుంది. అప్పుడే మొక్కల చాటు వదిలి బయటికొస్తాయి.

కాబట్టి తోడు చేపలు పైన, మధ్యలో తిరిగేవి కావాలి. పెన్సిల్‌ఫిష్, కార్డినల్, రమ్మీనోస్ బాగా కుదురుతాయి. హాచెట్‌ఫిష్ కూడా మంచిదే, కానీ మూత గట్టిగా ఉండాలి, ఎగిరి బయట పడుతుంది. టైగర్ బార్బ్ వద్దు, రెక్కలు కొరుకుతుంది. మీ దగ్గరున్న నియాన్‌ల విషయంలో ముందు తేల్చుకోవలసింది వేడి. డ్వార్ఫ్ సిక్లిడ్‌లలోనే ఇంకో రకమైన రామ్ చేపకి 27 నుంచి 30 డిగ్రీలు కావాలి, నియాన్‌కి అది ఎక్కువ. రామ్‌లే కావాలంటే నియాన్‌ల బదులు కార్డినల్‌లు పెట్టుకోండి. నియాన్‌లు ఉండాల్సిందే అంటే 25 డిగ్రీల దగ్గర హాయిగా ఉండే కాకటూయిడీస్ వైపు వెళ్లండి.

కోరీల గురించి చెప్పడానికి బాధగా ఉంది, నాకవి చాలా ఇష్టం. సిక్లిడ్ బెదిరిస్తే టెట్రా పారిపోతుంది. కోరీ పోదు. ఒంటి మీద గట్టి పలకలున్న చేప కదా, పొడిచినా అక్కడే నేల తవ్వుకుంటూ ఉంటుంది. దాంతో సిక్లిడ్ మెత్తటి చోటు వెతికి కన్ను పొడుస్తుంది. నా కోరీల్లో ఒకటి అలాగే ఒక కన్ను పోగొట్టుకుంది. ఓ రాత్రి టార్చి వేసి చూస్తే మూడు కోరీలు కొబ్బరి చిప్పలో తలలు దూర్చి ఉన్నాయి, ఆడది చీకట్లో ఏమీ చేయలేక పక్కన తచ్చాడుతోంది. తెల్లారేసరికి గుడ్లు లేవు. అంటే ఇద్దరికీ నష్టమే. అడుగున రెండు రకాలు వద్దు. మీకు కోరీలు ముఖ్యమైతే సిక్లిడ్ ఆలోచన మానుకోండి, నేను మీ స్థానంలో ఉన్నా అదే చేస్తాను. ఓటోసింక్లస్ అనే చిన్న చేపను ఉంచుకోవచ్చు, ఆకులకి, అద్దానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి నా సిక్లిడ్‌లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. చెర్రీ రొయ్యల్లో పెద్దవి దట్టమైన నాచులో కొన్ని మిగలవచ్చు, పిల్లలు మాత్రం తిండి అయిపోతాయి.

ఈ చేపలకు ట్యాంకు ఎన్ని లీటర్లన్నది కాదు, నేల ఎంతన్నది లెక్క. మీ కొలతలో కాకటూయిడీస్ అయితే ఒక మగ, రెండు ఆడ సరిపోతాయి, లేదా రామ్‌లు ఒక్క జత. రెండు మగవి మాత్రం వద్దు. ఆడవి రెండైతే గుహలు మూడో నాలుగో పెట్టండి, ఒక గుహ గుమ్మం ఇంకో గుహకి కనిపించకూడదు. మధ్యలో అడ్డంగా డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకుల్లో పెట్టే కొయ్య) పెట్టి, దాని వెంబడి క్రిప్టోకోరైన్ మొక్కలు దట్టంగా నాటితే చాలు. అపిస్టోలు గుహలో గుడ్లు పెడతాయి. రామ్‌లు చదునైన రాయి మీద పెట్టి జంటగా కాపలా కాస్తాయి, వాటికి గుహ కంటే కాస్త ఖాళీ నేల కావాలి. అడుగున మెత్తటి ఇసుక వేయండి. ఇవి ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదులుతూ తింటాయి. మైక్రోజియోఫేగస్ అన్న రామ్ శాస్త్రీయ నామానికి అర్థమే చిన్న మట్టితినేది అని. గరుకు గులకరాళ్ల మీద ఆ పని చేయలేవు.

మొక్కలకు భయం లేదు, పెద్ద సిక్లిడ్‌ల్లా పెరికివేయవు. క్రిబెన్సిస్ అనే డ్వార్ఫ్ సిక్లిడ్ మాత్రం గుహ ముందు తవ్వుతుంది, అక్కడ నాటినవి తేలిపోతాయి. రామ్‌ల వేడికి అనూబియాస్, జావా ఫెర్న్, వాలిస్నేరియా తట్టుకుంటాయి. పైన తేలే మొక్కలు కొన్ని వేసి వెలుతురు తగ్గిస్తే రంగులు ఎంత తేలతాయో మీరే చూస్తారు. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంటే రాత్రి ఆపేసి, నీటి పైభాగం కదిలేలా ఉంచండి, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. రామ్‌లను కొత్త ట్యాంకులో వేయకండి, కొన్ని నెలలుగా నడుస్తున్న ట్యాంకు కావాలి. నేను వారానికి నాలుగో వంతు నీళ్లు మారుస్తాను.

పిల్లలు పుట్టాక చూసే అదృష్టం కలిగితే ఒకటి గమనించండి. టెట్రా దగ్గరికి రాగానే తల్లి ఒళ్లు చిన్నగా జలదరిస్తుంది, ఆ క్షణమే పిల్లల మబ్బు మొత్తం ఇసుక మీదికి వాలి కదలకుండా ఉండిపోతుంది. టెట్రాలు కొన్నింటిని తింటాయి, నాచు ఉంటే కొన్ని మిగులుతాయి. అప్పుడే గుడ్లలోంచి బయటికొచ్చిన బ్రైన్ ష్రింప్ (చిన్న ఉప్పునీటి జీవి) పిల్లలను పిపెట్‌తో వాటి దగ్గర వదలండి.

మీరు వేసేటప్పుడు గుహలు ముందు సర్ది, సిక్లిడ్‌లను అన్నిటికంటే చివర, లైటు ఆర్పి వదలండి. మొదటి వారం రోజూ పొద్దున్నే హీటర్ వెనక, పై మూలల్లో చూడండి. అక్కడ రెక్కలు ముడుచుకున్న చేప కనిపిస్తే ఆ రోజే దాన్ని వేరు చేయండి, మర్నాటి దాకా ఆగకండి.