యక్కా మౌంటెన్ మీద ఓట్లు అడగబోయే మేనల్లుడికి

కిరణ్,

నెవాడా రాష్ట్ర అసెంబ్లీకి నిలబడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, చాలా సంతోషం వేసింది. నీ కరపత్రం కూడా పంపాడు. దేశంలోని అణు విద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని మన నెవాడాలోని యక్కా మౌంటెన్ అనే కొండలో పాతిపెట్టాలన్న పథకం గురించి అందులో నువ్వు రాసిన పేరా చదివాక ఇది రాస్తున్నాను. ఫోన్‌లో అయితే ఇద్దరం సగంలో వదిలేస్తాం. ఇన్నేళ్లుగా లాస్ వేగాస్‌లో ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి తరఫున ఇంటింటికీ తిరిగినదాన్ని, ఈ విషయం ఎత్తితే జనం ఎక్కడ చెవి ఒగ్గుతారో, ఎక్కడ మొహం చిట్లిస్తారో బాగా చూశాను.

ముందు ఆ పుర్రె బొమ్మ తీసెయ్. 'మన పిల్లలకు క్యాన్సర్ వస్తుంది' అన్న లైనూ తీసెయ్. ఈ రాష్ట్రంలో 1951 నుంచి 1992 దాకా 928 అణు పరీక్షలు చేశారు, వాటిలో 100 భూమి పైనే. ఆ టెస్ట్ సైట్‌లో పనిచేసి ఆ జీతంతోనే ఇల్లు కట్టుకుని పిల్లల్ని చదివించుకున్నవాళ్లు నీ నియోజకవర్గంలో ఉన్నారు, అక్కడే పనిచేసి జబ్బు పడ్డవాళ్లూ ఉన్నారు. ఒక పెద్దాయన నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలవడానికి డ్యూటీలో చొక్కాకి పెట్టుకున్న ఫిల్మ్ బ్యాడ్జి డ్రాయర్లోంచి తీసి చూపించాడు. రేడియేషన్ గురించి ఆయనకి నువ్వు చెప్పేదేముంది? భయపెడితే అలాంటివాళ్లు మర్యాదగా తలుపు వేసేస్తారు, అంతే.

ఆయన కూడా కాదనలేని మాట ఒకటుంది. మనల్ని అడగలేదు. నీ ప్రచారం మొత్తం దాని మీద నిలబెట్టు.

ఆ కథ క్లుప్తంగా చెప్పడం నేర్చుకో. అణు వ్యర్థాల మీద చేసిన 1982 చట్టం ప్రకారం దేశమంతా వెతికి, పోల్చి చూసి చోటు ఎంచుకోవాలి. చివరికి మూడు మిగిలాయి: టెక్సస్‌లో డెఫ్ స్మిత్ కౌంటీ, వాషింగ్టన్ రాష్ట్రంలో హాన్‌ఫర్డ్, మన యక్కా. 1987 డిసెంబరులో కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, ఒక పెద్ద బడ్జెట్ బిల్లులో కలిపేసి మిగతా రెండిటినీ కొట్టేసింది. అప్పుడు కాంగ్రెస్ దిగువ సభ హౌస్‌కి స్పీకర్ అయిన జిమ్ రైట్‌ది టెక్సస్, మెజారిటీ నాయకుడు టామ్ ఫోలీది వాషింగ్టన్. మనకి హౌస్‌లో ఉన్నది ఇద్దరు, సెనేట్‌లో హారీ రీడ్ అడుగుపెట్టి ఏడాది కూడా కాలేదు. బలవంతుడిదే రాజ్యం అయింది. ఇక్కడివాళ్లు దాన్ని ఇప్పటికీ 'స్క్రూ నెవాడా బిల్లు', అంటే నెవాడా గొంతు కోసిన బిల్లు, అనే అంటారు. మన రాష్ట్రంలో ఒక్క అణు విద్యుత్ కేంద్రం కూడా లేదు, ఆ కరెంటులో పుట్టిన చెత్త మాత్రం మనకు. 2002లో గవర్నర్ కెన్నీ గిన్, యక్కానే ఖరారు చేసిన సొంత పార్టీ అధ్యక్షుడు బుష్ నిర్ణయాన్నే వీటో చేశాడు. ఆ వేసవిలోనే కాంగ్రెస్ ఆ వీటోని కొట్టేసింది. ఈ రెండు తేదీలు, 1987, 2002, నోటికి రావాలి. మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు.

తర్వాత ప్రతి గుమ్మంలోనూ ఎదురయ్యే ప్రశ్న, 'సరే, మరి ఎక్కడ పెట్టమంటావు?' దీనికి తడబడ్డావో, మాకొద్దు, పక్కవాడి నెత్తిన పెట్టండి అనే మనిషిగా కనిపిస్తావు. ఇవాళ దేశంలో వాడేసిన అణు ఇంధనం దాదాపు 90,000 టన్నులుంది, అది పుట్టిన ప్లాంట్ల దగ్గరే నీటి తొట్లలోనూ కాంక్రీటు, ఉక్కు పీపాల్లోనూ పడి ఉంది. 1998 జనవరి ఆఖరుకల్లా తీసుకెళ్తామని ప్రభుత్వం కంపెనీలతో ఒప్పందం రాసుకుంది. ఆ పని కోసం అక్కడి జనం కరెంటు బిల్లులో 2014 దాకా డబ్బు కట్టారు. మిన్నెసోటాలో ప్రెయిరీ ఐలాండ్ అనే చోట డకోటా తెగవాళ్ల ఇళ్లకు కూతవేటు దూరంలోనే ఆ పీపాలు నిలబెట్టి ఉంటాయి. వాళ్లనూ ఎవరూ అడగలేదు. అందుకే ఇతర రాష్ట్రాలవాళ్ల మీద విసుర్లు వద్దు. 'వాళ్ల చెత్త' అన్న మాట మీటింగులో చప్పట్లు తెస్తుంది నిజమే, కానీ రేపు కాంగ్రెస్‌లో మనకి ఓటేయాల్సింది ఆ రాష్ట్రాల సభ్యులే.

జవాబుగా ఫిన్లాండ్ సంగతి చెప్పు. అక్కడ యూరాయోకి అనే ఊరికి చట్టంలోనే వద్దనే హక్కు ఉంది. ఆ ఊరి కౌన్సిల్ 2000లో సరే అంది, ఆ తర్వాతే పార్లమెంటు ఆమోదించింది. వద్దనే హక్కు ఉన్నచోట ఒప్పుకున్నారు, లేనిచోట నలభై ఏళ్లుగా కొట్లాట. యక్కా తెరిచినా సమస్య తీరదని కూడా చెప్పు: చట్ట ప్రకారం అందులో పట్టేది 70,000 టన్నులే.

సైన్సు జోలికి ఎక్కువ వెళ్లకు, ఒక్కటి మాత్రం పట్టుకో. ఆ కొండలో పైనుంచి నీళ్లు పగుళ్లలోంచి దిగుతాయని ప్రభుత్వం వేసిన డిజైనే ఒప్పుకుంటుంది. అందుకని ప్రతి పీపా మీదా టైటానియం కవచం కప్పాలి. వేల సంఖ్యలో ఉండే ఆ కవచాలు ఇప్పుడు కాదు, కొండ మూసే ముందు, సుమారు వందేళ్ల తర్వాత పెడతారట. వందేళ్ల తర్వాతి కాంగ్రెస్ దానికి డబ్బు ఇస్తుందని ఇవాళే నమ్మి లైసెన్సు ఇవ్వాలన్నమాట. ఇది చెప్తే ఇంజినీర్లు కూడా ఆగి వింటారు. నమ్మకం మాట వచ్చింది కాబట్టి ప్లుటోనియం సంగతి కూడా వదలకు. కేంద్ర ప్రభుత్వం పంపిన అర టన్ను ప్లుటోనియం సౌత్ కరోలైనా నుంచి మన రాష్ట్రానికి చేరిపోయిందని 2019 జనవరిలో కోర్టు కాగితాల్లో బయటపడింది, అప్పటిదాకా మన గవర్నర్‌కే తెలియదు.

నై కౌంటీకి వెళ్లినప్పుడు జాగ్రత్త. కొండ ఉన్నది వాళ్ల కౌంటీలో. అక్కడి కమిషనర్లు చాలాకాలం లైసెన్సు విచారణ పూర్తి చేయమనే అడిగారు, వాళ్లకి ఉద్యోగాలు కావాలి. అదే కౌంటీలో అమార్గోసా లోయ రైతులు బావి నీళ్లతో గడ్డి పండిస్తారు, కొండ కింది నీరు పారేది అటువైపే. ఒకే కౌంటీలో ఇద్దరికీ న్యాయమైన కారణాలున్నాయి. వేగాస్ నుంచి వెళ్లి పాఠం చెప్పకు, విను. ఇక్కడి ఆదివాసీలైన వెస్టర్న్ షోషోనీ వాళ్ల దగ్గరికి మాత్రం అందరికంటే ముందే వెళ్లు. 1863 రూబీ వ్యాలీ ఒప్పందం ప్రకారం ఆ భూమి తమదేనని, ఎన్నడూ అమ్మలేదని వాళ్లు అంటున్నారు. అడగలేదని మనం గోల పెడుతున్నాం, మనకంటే ముందు అడగాల్సింది వాళ్లని. వాళ్ల తరఫున నువ్వు మాట్లాడకు, వేదిక మీద వాళ్లకే మైకు ఇవ్వు.

మన తెలుగువాళ్ల ఇళ్లల్లో 'ఇండియాలో అయితే ఏం చేసేవాళ్లు' అని అడుగుతారు చూడు, దానికి మన కుప్పం పక్క సంగతే ఉంది. 2012లో కూడంకుళం వ్యర్థాలను మూతపడ్డ కోలార్ బంగారు గనుల్లో దాస్తారన్న మాట బయటికి రాగానే కేజీఎఫ్‌లో జనం రోడ్డెక్కారు, కేంద్రం వెనక్కి తగ్గింది. ఆ గనుల్లో పనిచేసిన తెలుగు కుటుంబాలు మనకి తెలిసినవాళ్లే. ఈ మాటతో మనవాళ్లకి ఇది పరాయి గొడవ కాదని ఇట్టే అర్థమవుతుంది.

ఇక నువ్వు ఇచ్చే హామీ. 'యక్కాను శాశ్వతంగా మూయిస్తా' అని రాశావు. అది నీ చేతుల్లో లేదు నాన్నా. ఒబామా హయాంలో యక్కాకు డబ్బు ఆగింది కానీ 1987 చట్టం అలాగే ఉంది, 2018లో దాన్ని మళ్లీ కదిలించే బిల్లు హౌస్‌లో 340-72తో పాసైంది. నీ చేతుల్లో ఉన్నవి వేరే ఉన్నాయి, చిన్నవేం కావు. అధిక స్థాయి అణు వ్యర్థాలు నిల్వ చేయడాన్ని నిషేధించే రాష్ట్ర చట్టం 1989 నుంచి ఉంది, దాన్ని కాపాడాలి. కొండకి కావాల్సిన నీటికి అనుమతి ఇవ్వనన్నది మన స్టేట్ ఇంజినీరే, ఆ ఆఫీసు బలంగా ఉండాలి. లైసెన్సు మీద 200కు పైగా అభ్యంతరాలు వేసి పోరాడింది మన రాష్ట్ర అణు ప్రాజెక్టుల ఏజెన్సీ. రెండేళ్లకోసారి రాజధాని కార్సన్ సిటీలో అసెంబ్లీ 120 రోజులు కూర్చున్నప్పుడు దానికి డబ్బు కోయకుండా చూడటం నీ పని. గొడవ సద్దుమణిగిన ఏళ్లలోనే కోతలు పడతాయి, ఆ లాయర్లూ నిపుణులూ ఒకసారి చెదిరిపోతే మళ్లీ దొరకరు.

ఇంకొకటి. దీంతోనే గెలుస్తాననుకోకు. 2004 అధ్యక్ష ఎన్నికల్లో బుష్ మీద నిలబడ్డ కెర్రీ ఇదే విషయం గట్టిగా పట్టుకున్నాడు, యక్కాకు సంతకం పెట్టిన బుష్షే నెవాడాలో మళ్లీ గెలిచాడు. 2018లో ఇక్కడ సెనేట్ సీటుకి తలపడ్డ హెల్లర్, రోజెన్ ఇద్దరూ యక్కాకు వ్యతిరేకులే. నీ ప్రత్యర్థి కూడా వ్యతిరేకమే అయితే లేని మాట అంటగట్టకు. డిబేట్‌లో ఒక్కటే అడుగు: ఏజెన్సీ బడ్జెట్ తగ్గించే ఓటు వస్తే వద్దంటారా? అవునంటే అందరి ముందూ థ్యాంక్స్ చెప్పి, స్కూళ్లు, అద్దెల సంగతికి వెళ్లిపో.

మీ అత్త