ఆడియో ఇంటర్‌ఫేస్‌లో 3, 4 అవుట్‌పుట్‌లు దేనికి?

ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకునూ స్పీకర్లనూ కంప్యూటర్‌తో కలిపే పెట్టెకు) నాలుగు లైన్ అవుట్‌పుట్‌లు ఉండి, స్పీకర్లకు రెండే సరిపోతున్నప్పుడు మిగిలిన రెండూ ఎందుకన్న ప్రశ్నకు నా దృష్టిలో మొదటి సమాధానం, పాడేవారికి విడిగా ఒక మిక్స్ ఇవ్వడం.

రికార్డు చేసేవారు 1, 2 అవుట్‌పుట్‌ల మీద పాటను మొత్తంగా వింటారు. గాయనికి మాత్రం శ్రుతి, క్లిక్ (లయ చూపే టిక్కు శబ్దం), తన గొంతు హెచ్చుగానూ మిగతా వాద్యాలు తగ్గించీ వినిపించాలి. ఇందుకోసం సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వాద్యపు ట్రాక్ నుంచీ ఒక ప్రీ-ఫేడర్ సెండ్ (ట్రాక్ శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడర్‌కు ముందే తీసే నకలు) తీసి, దాన్ని 3, 4 అవుట్‌పుట్‌లకు మళ్లించి, అక్కడి నుంచి హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌కు కలపాలి. సెండ్ ప్రీ-ఫేడర్‌గా ఉంటేనే మీరు ఫేడర్లను ఎంత కదిపినా ఆమెకు వినిపించేది మారదు. లైన్ అవుట్‌పుట్‌కు హెడ్‌ఫోన్‌ను నేరుగా తగిలించకండి. దాన్ని సరిగా నడపడానికి ఆ అవుట్‌పుట్ ఉద్దేశించినది కాదు.

ఆమె గొంతు మాత్రం సాఫ్ట్‌వేర్ గుండా తిరిగి రాకూడదు. 48 కిలోహెర్ట్జ్ వద్ద 256 శాంపిళ్ల బఫర్ (శబ్దాన్ని కొంత కొంతగా పోగుచేసి అందించే తాత్కాలిక నిల్వ) ఒక్కో దిశలో 5 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం చేస్తుంది. రానూ పోనూ కలిపితే అది 10 దాటుతుంది, గమకాలు పాడేవారిని నిజంగా ఇబ్బంది పెడుతుంది. కాబట్టి ఇంటర్‌ఫేస్ సొంత మిక్సర్‌లో డైరెక్ట్ మానిటరింగ్‌ను (మైకు శబ్దాన్ని కంప్యూటర్ గుండా తిప్పకుండా నేరుగా వినిపించడాన్ని) 3, 4కు పంపి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్‌ను ఆపేయండి. రెండూ ఉంటే గొంతు జంటగా వినిపిస్తుంది.

మిక్సింగ్ దశలో అవే అవుట్‌పుట్‌ల ద్వారా ట్రాక్‌ను బయటి కంప్రెసర్‌కు (శబ్దంలోని హెచ్చుతగ్గుల తేడాను తగ్గించే పరికరానికి) పంపి, ఖాళీ ఇన్‌పుట్‌లోకి తిరిగి తీసుకోవచ్చు. అలా వచ్చిన ట్రాక్‌ను మళ్లీ 3, 4కే మళ్లిస్తే ఫీడ్‌బ్యాక్ (అదే శబ్దం చుట్టూ తిరుగుతూ పెరిగిపోవడం) పుడుతుంది.