అడాప్టరు అడుగున రాసినది చదివాకే

చిరంజీవి చిన్నికి మేనత్త ఆశీస్సులు.

ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండు కూడబెట్టి నువ్వు నింటెండో స్విచ్ 2 అనే వీడియో గేమ్ యంత్రం కొనుక్కుంటున్నావనీ, టోక్యోలో చదువుకుంటున్న నీ స్నేహితురాలు దసరా సెలవులకు వస్తూ దాన్ని తెస్తుందనీ, ఆ ఆదివారమే పిల్లలందరినీ పిలిచి హాల్లో టీవీకి తగిలించి చూపిస్తావనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. నీ సొంత సంపాదనతో కొనుక్కునే మొదటి పెద్ద వస్తువు కనుక నాకు ఎంతో గర్వంగా ఉంది. అయితే ఫోన్ పెట్టేసిన తరువాత ముప్ఫై ఏళ్ల కిందటి ఒక మాడు వాసన గుర్తుకు వచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా కొనుగోలు సంగతి. ఈ యంత్రం 2025 జూన్ 5న విడుదలైనప్పుడు జపాన్‌లో రెండు రకాలుగా అమ్మకానికి పెట్టారు. విడుదలనాటి ధర 49,980 యెన్‌లుగా ఉన్న రకంలో జపనీస్ భాష ఒక్కటే ఉంటుంది, జపాన్ దేశం పేరిట నమోదైన ఖాతాలే అందులో పనిచేస్తాయి. పలు భాషలున్న రకం ధర అప్పుడు 69,980 యెన్‌లు, దాన్ని కంపెనీవారి సొంత ఆన్‌లైన్ దుకాణంలో మాత్రమే అమ్మారు. చవక అని మొదటిది తెప్పించుకుంటే మెనూలో ఏముందో తెలియక తల పట్టుకుంటావు. ఆ అమ్మాయికి ఈ రోజే ఫోన్ చేసి ఏది కొన్నదో కనుక్కో. శంషాబాద్‌లో కస్టమ్స్ వారు సుంకం అడిగితే ఆ పిల్ల చేత కట్టించవద్దు, నువ్వే ఇవ్వు. మన దేశంలో కంపెనీ దీన్ని తానుగా విడుదల చేయలేదు కనుక పాడైతే ఇక్కడ బాగుచేయించే పూచీ ఎవరికీ ఉండదు. సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్‌లో దొరుకుతుంది కదా అంటావేమో, అక్కడ కొన్నా ఆ చిక్కు అంతే.

మిగిలినవి నీకు తెలిసినవే. తెర మీద అంటించి ఉన్న పల్చటి పొర కొత్త ఫోన్ మీద ఉండే కవరు లాంటిది కాదు, తెర పగిలితే ముక్కలు చెదరకుండా కంపెనీయే వేసినది, దాన్ని పీకకూడదు. ఆటలు ఎక్కువై లోపలి 256 జీబీ చాలకపోతే మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే రకం మెమరీ కార్డే కొనాలి, జగదీశ్ మార్కెట్‌లో చవకగా వచ్చే మామూలు కార్డులో ఆటలు నిలవ ఉండవు. యంత్రంలో పెట్టే చిన్న ఆటల కార్డులను రెండేళ్ల బుజ్జిగాడికి అందనివ్వవద్దు. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా వాటికి డెనటోనియం బెంజోయేట్ అనే చేదు పదార్థం పూస్తారన్న మాట నిజమే, కానీ మన బుజ్జిగాడు వేపపుల్లను కూడా ఇష్టంగా నమిలే రకం.

ఇక అడాప్టరు సంగతి. ఇక్కడ నేను చెప్పేది కాస్త ఓపికగా చదువు.

అది 1993 వేసవి. నల్లకుంటలో మేము రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్లం. మీ నాన్నకు అప్పుడు పద్నాలుగేళ్లు, సెలవులకని మా ఇంట్లో ఉన్నాడు. అమెరికా నుంచి వచ్చిన మా మరిది వాడి కోసం ఒక సూపర్ నింటెండో గేమ్ కన్సోల్ తెచ్చాడు. ఇరుగుపొరుగు వారంతా చూడడానికి వచ్చి మంచం మీద, గడప మీద, కిటికీ అవతల నిండిపోయారు. నేను అప్పటికి మూడేళ్లుగా ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. తీగలు తగిలించే గౌరవం సహజంగానే నాకు దక్కింది. అడాప్టరు అరచేతిలో ఇటుక ముక్కలా బరువుగా ఉంది. చదునైన పిన్నులు మన సాకెట్‌లో పట్టవు కనుక మూలనున్న కిరాణా కొట్టు నుంచి ఒక కన్వర్టర్ పిన్ను తెప్పించాను. మీ నాన్న నేల మీద బోర్లా పడుకుని ఆ అడాప్టరును తిరగేసి చూస్తూ, "అక్కా, ఇక్కడ 120 అని రాసి ఉంది" అన్నాడు. అంతమంది ముందు నాకు చిన్నతనం అనిపించింది. "ఫిజిక్స్ నీకు తెలుసా, నాకు తెలుసా?" అని గద్దించాను. అందరూ నవ్వారు. వాడు మాట్లాడకుండా పక్కకు జరిగాడు.

స్విచ్చి వేశాను. కన్సోల్ మీది ఎర్ర దీపం వెలిగింది, కిటికీ అవతల పిల్లలు చప్పట్లు కొట్టారు. అడాప్టరు మాత్రం తుమ్మెద లోపల చిక్కుకున్నట్టు జుమ్మంటూ ఉంది. రెండు నిమిషాలు గడిచేసరికి వార్నిష్ మాడిన వాసన వచ్చింది, దీపం ఆరిపోయింది, దాని నల్లటి డొప్ప ఒక పక్క ఉబ్బి మెత్తబడింది. కంగారులో దాన్ని చేత్తోనే లాగబోతే మీ నాన్న నా మణికట్టు పట్టుకుని ఆపి, గోడ మీద స్విచ్చి కట్టేశాడు.

జరిగింది ఏమిటో నేను తరగతిలో ప్రతి సంవత్సరం బోర్డు మీద గీసి చెప్పేదే. 120 వోల్టులకు, 60 హెర్ట్‌జ్‌కు చుట్టిన, ఆ అడాప్టరులోని ట్రాన్స్‌ఫార్మరుకు మన 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్ ఇస్తే లోపలి ఇనుప కోర్ అయస్కాంతశక్తితో నిండిపోయి ఇక తీసుకోలేని స్థితికి వస్తుంది, గోడ నుంచి కరెంటు అందుకునే ప్రైమరీ చుట్టలో కరెంటు హద్దు దాటుతుంది, తీగ వేడెక్కి దాని పూత కాలిపోతుంది. కన్వర్టర్ పిన్ను రంధ్రం ఆకారాన్ని మారుస్తుంది తప్ప వోల్టేజిని మార్చదు. పాఠం చెప్పిన నోటితోనే ఆ పిల్లవాడి నోరు మూయించాను. కాలిపోయిన అడాప్టరు కంటే అదే నాకు ఇప్పటికీ గుచ్చుకునే ముల్లు.

అదృష్టం కొద్దీ కన్సోల్ బతికింది. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక ముసలి మెకానిక్ వారం తరువాత మరో అడాప్టరు తయారు చేసి ఇచ్చాడు. తీరా తగిలిస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది. ఆ యంత్రం అమెరికా వారి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో రంగులు పంపుతుంది, మా టీవీకి మన దేశపు పాల్ పద్ధతి ఒక్కటే తెలుసు. మీ నాన్న ఆ వేసవి అంతా బూడిదరంగు మారియోతోనే ఆడాడు. ఒకనాడు మాత్రం, "మారియో టోపీ నిజంగా ఏ రంగక్కా?" అని అడిగాడు. ఎరుపని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను.

నీకు రంగుల బాధ లేదు, ఇప్పుడు టీవీకి అంతా హెచ్‌డీఎమ్‌ఐ తీగే. ఈ కాలపు అడాప్టర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేవే, నీకు వచ్చేది కూడా అలాంటిదే. అయినా పెట్టెలోంచి తీయగానే వెనుక ఉన్న సన్న అక్షరాలను నీ కళ్లతో చదువు. టీవీకి పెట్టడానికి డాక్‌కు, అంటే యంత్రాన్ని నిలబెట్టి టీవీకి కలిపే పీఠానికి, ఆ పెట్టెలో వచ్చిన అడాప్టరునే వాడు, ఫోన్ చార్జరో పాత నింటెండో స్విచ్ అడాప్టరో చేతికి అందిందని తగిలించవద్దు. వదులుగా ఊగే కన్వర్టర్ పిన్నులో నిప్పురవ్వలు వస్తాయి కనుక గట్టిగా పట్టేది కొను. డాక్‌ను టీవీ వెనుక గోడకు ఆనించి గుడ్డ కప్పవద్దు, దానికి గాలి ఆడాలి. చుట్టూ ఉన్న పిల్లల్లో ఎవరైనా ఏదైనా వింతగా ఉందంటే, ఎంత చిన్నవాళ్లయినా సరే, ఆగి చూడు.

నేను ఆదివారం ఉదయం పులిహోర చేసి తీసుకుని పది గంటలకల్లా వస్తాను. మీ నాన్న ఏదో పనుందని తప్పించుకోబోతాడు, పంపించవద్దు. అడాప్టరు మీద రాసి ఉన్నదాన్ని వాడి చేత పైకి చదివించు. ఆ తరువాత మొదటి కంట్రోలర్ వాడి చేతికే ఇవ్వు. నేను వచ్చేదాకా మాత్రం స్విచ్చి వేయవద్దు.

ఇట్లు,
మీ అత్త