తెర మీది పాఠంతో బిడ్డ ఒంటి మీది దెబ్బను పోల్చుకోగలమా?

ప్రశ్న: పాడేరు ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. పిల్లలపై జరిగే హింసను గుర్తించడం గురించి మాకు వీడియో ద్వారా శిక్షణ ఇస్తామంటున్నారు. ఎంబీబీఎస్‌లో ఫోరెన్సిక్ పాఠంగా చదివిన కాసిని పేజీలు తప్ప ఈ విషయంలో నాకు అనుభవం లేదు. చేత్తో తాకి చూసి తెలుసుకోవలసినదాన్ని తెర మీద నేర్పగలరా? ఎవరి విషయంలోనైనా అనుమానం వస్తే, విశాఖపట్నంలోని నిపుణులకు ఫొటోలు పంపి, వారు నిర్ధారించిన తర్వాత పోలీసులకు చెబితే సరిపోతుందా?
– ఒక వైద్యాధికారి, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ముందుగా మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం. సరిపోదు. బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం కలిగినా స్థానిక పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ తెలియజేయాలని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012లో తెచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఈ బాధ్యత ఆ సంగతి తెలిసిన ప్రతి వ్యక్తిదీ. పై అధికారి అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం, నిపుణుల నిర్ధారణ రావాలని చట్టం ఎక్కడా అనలేదు. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక బడి హాస్టల్‌లోని గిరిజన బాలికలకు చికిత్స చేసిన వైద్యుడు తనకు తెలిసిన విషయాన్ని పోలీసులకు చెప్పలేదన్న కేసును హైకోర్టు కొట్టివేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది. ఆశ్రమ పాఠశాలల పిల్లలను చూసే మీవంటివారు ఆ తీర్పును ఒకసారి చదవడం మంచిది. సదుద్దేశంతో ఇచ్చిన సమాచారం తర్వాత రుజువు కాకపోయినా, ఇచ్చినవారిపై చర్య ఉండదని అదే 19వ సెక్షన్ భరోసా ఇస్తోంది. కాబట్టి విశాఖ నిపుణులను తప్పక సంప్రదించండి, కానీ వారి జవాబు కోసం ఫిర్యాదును ఆపకండి.

ఇక శిక్షణ విషయం. అది ఎలా నడుస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు గంటలు స్లైడ్లు చూపించి, చివర్లో సర్టిఫికెట్ పంపే పద్ధతి వల్ల మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ‘ఎకో’ అనే పద్ధతి మొదలుపెట్టారు. హెపటైటిస్ సి అనే కాలేయ వ్యాధి ఉన్న రోగులు అల్బుకర్కీ నగరంలోని ఆసుపత్రికి వందల మైళ్లు ప్రయాణించి రావడానికి బదులు, వారి ఊరి వైద్యులే క్రమం తప్పకుండా వీడియోలో కూర్చుని, తమ రోగుల వివరాలను నిపుణుల ముందు పెట్టి చర్చించేవారు. ఆ వైద్యుల దగ్గర జరిగిన చికిత్స పెద్దాసుపత్రి చికిత్సకు ఏమాత్రం తీసిపోలేదని 2011లో ఫలితాలు వెలువడ్డాయి. మన దేశంలో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రి మానసిక ఆరోగ్య శిక్షణలో ఇదే పద్ధతిని వాడుతోంది. హింసను గుర్తించే శిక్షణకు ఇది మరింత నప్పుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ నేర్చుకోవలసింది చేతి నైపుణ్యం కంటే ఎక్కువగా, చెప్పిన కథకూ కనిపిస్తున్న గాయానికీ పొంతన ఉందా అని నిలదీసే అలవాటు.

ఉదాహరణకు, శిక్షణలో ఇలాంటి కేసు ముందుకు వచ్చిందనుకుందాం. మూడు నెలల బిడ్డను దగ్గు కోసం తెచ్చారు, చెవి వెనక చిన్న కమిలిన గుర్తు కనిపించింది, ‘ఊయలలోంచి పడ్డాడు’ అన్నారు. దగ్గుకు మందు రాసి పంపడం ఎవరైనా చేస్తారు. నిపుణుడు అడిగే మొదటి ప్రశ్న: పక్కకు దొర్లడం కూడా రాని బిడ్డ ఊయలలోంచి ఎలా పడ్డాడు? రెండోది: బట్టలు విప్పి ఒళ్లంతా చూశారా? అయిదు నెలలు నిండని బిడ్డకు శరీరంలో ఎక్కడ కమిలినా, నాలుగేళ్ల లోపు పిల్లలకు మొండెం, చెవి, మెడ మీద గానీ, దవడ మూల, బుగ్గ, కనురెప్ప, కంటి తెల్లగుడ్డు మీద గానీ, పెదవిని చిగుళ్లకు కలిపే సన్నని పొర మీద గానీ గాయం కనిపించినా, చెయ్యి, బెల్టు, తాడు వంటి వాటి ఆకారంలో గుర్తు ఉన్నా ఆగి ఆలోచించాలి. వైద్యలోకంలో టెన్-ఫోర్-ఫేసెస్-పి అనే ఈ సూత్రాన్ని రెండు వేల మందికి పైగా పిల్లల మీద పరీక్షించి 2021లో ప్రచురించారు. హింసకు గురైన నూరుగురిలో సుమారు 95 మందిని అది పట్టుకుంది. అయితే, హింస లేని వారిలో కొందరిని కూడా అనుమానించింది. అందుకే, కమలడానికి రక్తం సరిగా గడ్డకట్టని జబ్బేమైనా కారణమా అని తెలుసుకోవడానికి ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తం గడ్డకట్టే పరీక్షలు కూడా చేయించాలి.

ఒక మాట శిక్షణ ఇచ్చేవారికి కూడా చెప్పాలి. విదేశీ స్లైడ్లలో తెల్లని చర్మం మీద ఎర్రగా, నీలంగా కనిపించే గాయం మన పిల్లల చర్మం మీద, అదీ ట్యూబ్‌లైట్ వెలుగులో, అలా కనిపించదు. పైగా మన పసివాళ్ల నడుము కింద పుట్టుకతో ఉండే నీలిమచ్చలను దెబ్బలనుకునే ప్రమాదం ఉంది. వారం రెండు వారాల్లో దెబ్బ రంగు మారి మాయమవుతుంది, మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. కామెర్లకనీ ఫిట్స్‌కనీ నాటువైద్యంగా వాతలు పెట్టడం మన దగ్గర ఇంకా ఉంది. అది కూడా బిడ్డకు హానే, కానీ ఆ తల్లితో మాట్లాడవలసిన తీరు వేరు. ఇవేవీ లేని శిక్షణ అయితే, మన పిల్లల ఫొటోలతో, మన కేసులతో నేర్పమని మీరు గట్టిగానే అడగండి.

తెర నేర్పలేని విషయం కూడా ఒకటి ఉంది. లైంగిక హింసకు గురైన పిల్లల్లో అత్యధికుల శరీరం మీద ఏ గుర్తూ కనిపించదు. ‘పరీక్షలో ఏమీ లేదు’ అనే మాట ‘ఏమీ జరగలేదు’ అని అర్థం కాదని తెర మీద చెప్పవచ్చు. కానీ ఆ పరీక్షను కెమెరా ముందు చేయకూడదు. బాలిక అయితే మహిళా వైద్యురాలే, బిడ్డ నమ్మే పెద్దవారి సమక్షంలో చేయాలని పోక్సో 27వ సెక్షన్ చెబుతోంది. అత్యవసర చికిత్సకు పోలీసుల లేఖ తెమ్మని అడగకూడదని అదే చట్టం కింద వచ్చిన 2020 నియమాలు స్పష్టం చేశాయి.

ఇతర గాయాల ఫొటోలు తీయవలసి వస్తే, పగటి వెలుగులో, ముందు దూరం నుంచి, తర్వాత దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి తీయండి. వాట్సాప్‌లో మాత్రం పంపకండి. మీ ఫోన్ గ్యాలరీలోనూ, గ్రూపులోని ప్రతి ఫోన్‌లోనూ ఆ బిడ్డ బొమ్మ మిగిలిపోతుంది.

ప్రశ్న: నేను గ్రామ ఆరోగ్య కేంద్రంలో సామాజిక ఆరోగ్య అధికారిని. ప్రభుత్వ టెలీవైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టరు గారితో మాట్లాడించేటప్పుడు బిడ్డ పక్కన ఎప్పుడూ ఇంటివాళ్లు ఉంటారు. వాళ్ల మీదే అనుమానం వస్తే ఏం చేయాలి?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు పట్టుకున్నది అసలైన చిక్కు. మైనరుతో టెలీ సంప్రదింపు జరపాలంటే గుర్తింపు తెలిసిన పెద్దవారు వెంట ఉండాలని 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ పెద్దవారే కారణమైతే, బిడ్డ వారి ముందు నోరు విప్పదు. అందుకే అక్కడ హింస గురించి ఏమీ అడగకండి, డాక్టరును అడగనివ్వకండి కూడా. బరువు చూడాలనో టీకా కార్డు రాయాలనో చెప్పి బిడ్డను పక్క గదికి తీసుకెళ్లండి. అక్కడ ‘ఇది ఎలా తగిలింది?’ అని ఒక్కసారి అడిగి, చెప్పిన మాటలను చెప్పినట్టే రాసుకోండి. ‘నాన్న కొట్టాడా?’ వంటి ప్రశ్నలు బిడ్డ నోట్లో మాట పెడతాయి, అవి కోర్టులో నిలవవు. తర్వాత డాక్టరు గారితో మీరు విడిగా ఫోన్‌లో మాట్లాడండి. బిడ్డను ఆ రాత్రి ఇంటికి పంపడం ప్రమాదమనిపిస్తే పిల్లల సహాయవాణి 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి. లైంగిక నేరమన్న సమాచారమైతే, అది అందిన 24 గంటల్లోగా పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. తెలియజేశారో లేదో మర్నాడు ఫోన్ చేసి అడగవచ్చు.